రేజ్ పెరుగుతోంది, బండి లాగట్లేదు: పాత స్ప్లెండర్‌లో క్లచ్ ఎందుకు జారుతోంది?

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2003 మోడల్ హీరో హోండా స్ప్లెండర్, మీటరు మీద 84 వేలు దాటింది. రోజూ బడికి పాడేరు ఘాట్ ఎక్కాలి. ఎక్కేటప్పుడు థర్డ్, ఫోర్త్ గేర్లలో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ గోల పెడుతోంది గానీ బండి ముందుకు పోవట్లేదు. మూడు నెలల కిందట క్లచ్ ప్లేట్లు మార్పించారు, రెండు నెలలు బాగానే నడిచింది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు మెకానిక్ మొత్తం క్లచ్ అసెంబ్లీ మార్చాలంటున్నాడు, మార్చమంటారా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. అతను చెప్పింది చివరికి నిజమే కావచ్చు, కానీ అక్కడికి వెళ్లే ముందు చూడాల్సినవి నాలుగైదు ఉన్నాయి. వాటిలో సగం ఇంజిన్ పక్కనున్న క్లచ్ కవర్ విప్పకుండానే తేలిపోతాయి.

నేను ఇరవై ఏడేళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. చేతిలో పడ్డ బండ్లలో సగానికి సగం ఈ వంద సీసీ హీరో హోండాలే. కొత్త ప్లేట్లు వేసిన బండి మూడు నెలల్లో మళ్లీ జారిందంటే నా అనుమానం ప్లేట్ల మీదకు పోదు. ప్లేట్లను నొక్కి పట్టాల్సిన బిగువును ఏదో తినేస్తోంది. అదేంటో పట్టుకోకుండా ఇంకో సెట్టు వేసినా, మొత్తం అసెంబ్లీ వేసినా, మళ్లీ ఆ ఘాట్ మీదే అదే గోల వింటారు.

లోపల ఏం జరుగుతోందో ఒక్క నిమిషం చెప్తాను, తర్వాత చెప్పేవన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. పేక కట్టను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని గట్టిగా నొక్కి పట్టండి. ఎవరైనా మధ్యలో ముక్క లాగినా రాదు. చేతులు కొంచెం వదులు చేయండి, ముక్కలన్నీ జారతాయి. క్లచ్ కూడా అంతే. రాపిడితో పట్టు ఇచ్చే పదార్థం అతికించిన ఒక ఫ్రిక్షన్ ప్లేటు, ఒక స్టీల్ ప్లేటు, మళ్లీ ఫ్రిక్షన్, మళ్లీ స్టీల్. ఫ్రిక్షన్ ప్లేట్లు ఇంజిన్ తిప్పే బయటి హౌసింగుతో తిరుగుతాయి, స్టీల్ ప్లేట్లు గేర్‌బాక్స్‌కి వెళ్లే లోపలి హబ్బుతో తిరుగుతాయి. కట్టను నొక్కే అరచేతులు స్ప్రింగులు. మీరు లివర్ పట్టుకుంటే ఆ నొక్కుడు వదులవుతుంది, వదిలితే మళ్లీ బిగుసుకుంటుంది. ఇదంతా ఇంజిన్ ఆయిల్లో మునిగే తిరుగుతుంది. కాబట్టి జారుతోందంటే నొక్కుడు చాలడం లేదు, లేదా నొక్కినా పట్టు దొరకడం లేదు. దోషం ఈ రెండింటిలో ఏదో ఒకటి.

ముందు అది నిజంగా క్లచ్చేనా అన్నది తేల్చుకోండి. దీనికి చెవి చాలు. క్లచ్ జారితే ఇంజిన్ శబ్దం పైకి పోతుంది, స్పీడోమీటరు ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. యాక్సిలరేటర్ కాస్త తగ్గించగానే ఏమీ జరగనట్టు మళ్లీ పట్టుకుంటుంది. ఇంజిన్ శబ్దం కూడా లేవకుండా బండి మూలుగుతూ మొరాయిస్తే అది వేరే జబ్బు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, కార్బురేటర్‌లో చెత్త చేరిందో, రింగులు అరిగి కంప్రెషన్ పోయిందో చూడాలి. చెయిన్ స్ప్రాకెట్ పళ్లు అరిగితే చెయిన్ కటకటమంటూ దూకుతుంది, ఆ కుదుపు పాదాలకు తెలుస్తుంది. గేరు ఊడిపోతే టక్కుమని ఒక్కసారిగా న్యూట్రల్ అయినట్టుంటుంది. క్లచ్ జారడంలో కుదుపు ఉండదు, తడి మట్టి మీద చెప్పు జారినట్టు మెత్తగా జరుగుతుంది.

వెనక బ్రేకు పట్టేసినా ఘాట్ మీద బండి లాగదు. డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్లో వెనక చక్రాన్ని చేత్తో ఒక తోపు తోయండి. రెండు మూడు చుట్లు తిరగాలి. అర చుట్టుకే ఆగిపోతే ముందు ఆ బ్రేకు సంగతి చూడండి. పట్టేసిన బ్రేకుతో రోజూ ఘాట్ ఎక్కితే కొత్త ప్లేట్లు కూడా ఎక్కువ కాలం ఉండవు.

ఇప్పుడు రోడ్డు మీద పరీక్ష. బండి బాగా వేడెక్కాలి, పది కిలోమీటర్లయినా నడిపాక చేయండి. చదునైన, ఖాళీ రోడ్డు మీద ఫోర్త్ గేర్లో 35, 40 మధ్య నిలకడగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. మంచి క్లచ్ ఉన్న వంద సీసీ బండి ఆ స్థితిలో నీరసంగా, నెమ్మదిగా లేస్తుంది, శబ్దమూ ముల్లూ కలిసి లేస్తాయి. జారే క్లచ్ అయితే ముందు శబ్దం హుషారుగా లేస్తుంది, ముల్లు తర్వాత తీరిగ్గా వస్తుంది. ఫస్ట్ గేర్లో ఇది తెలియదు, ఎందుకంటే ఫస్టులో బండి తేలిగ్గా ముందుకు పోతుంది, క్లచ్ మీద భారం నిలబడదు. పై గేర్లో, ఎక్కుడులో, వెనక ఒక మనిషి ఉంటే భారం అలాగే నిలిచి ఉంటుంది. మీకు థర్డ్, ఫోర్త్‌లలోనే తెలుస్తోందంటే అది మామూలే. సెకండ్‌లో కూడా జారడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకండి.

కొందరు ముందు చక్రాన్ని గోడకు ఆనించి, థర్డ్ గేర్ వేసి, కొంచెం రేజ్ ఇచ్చి క్లచ్ వదులుతారు. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ పట్టుకుంటున్నట్టు, ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టు. ఇది బాగా చెడిపోయిన క్లచ్‌ని మాత్రమే పట్టిస్తుంది. మీ లాంటి సగం జారుడు ఇందులో పాసైపోతుంది. ఒక్కసారి చేస్తే చాలు, పదిసార్లు చేస్తే ఆ పరీక్షే ప్లేట్లను కాల్చేస్తుంది.

సరే, జారేది క్లచ్చేనని తేలింది. పానా పట్టుకోకముందు చేతి లివర్ దగ్గరకు రండి.

బండి ఆపి, లివర్ చివరను రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి. మొదట కాస్త ఖాళీగా కదులుతుంది, తర్వాత బరువు తగులుతుంది. ఆ ఖాళీ కదలికనే మేం ప్లే అంటాం. లివర్ చివర కొలిస్తే అది 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. బొటనవేలి వెడల్పు దాటకూడదు, అందులో సగానికి తగ్గకూడదు అని గుర్తుపెట్టుకోండి. అసలు ప్లే లేకపోతే, మీరు లివర్ ముట్టుకోకపోయినా కేబుల్ ఎప్పుడూ కొంచెం లాగుతూనే ఉన్నట్టు లెక్క. అంటే పేక కట్ట మీద అరచేయి ఎప్పుడూ కాస్త వదులుగానే ఉంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. బ్రేకు అరిగితే లివర్ లూజవుతుంది, బిగిస్తాం. క్లచ్‌కి ఇది తిరగబడుతుంది. ప్లేట్లు అరిగే కొద్దీ కట్ట పలచబడుతుంది, స్ప్రింగుల బిగువుతో కట్టను నొక్కే ప్రెషర్ ప్లేటు ఆ మేరకు జరుగుతుంది, దానితో పాటు దాన్ని తోసే భాగం కూడా కేబుల్ వైపు జరిగి వస్తుంది. ఫలితంగా లివర్ దగ్గర ప్లే పెరగదు, తగ్గుతుంది. కేబుల్ సాగితేనే ప్లే పెరిగేది. కాబట్టి ఈ మధ్య ఎవరూ కదపకుండానే మీ లివర్ బిగుసుకుపోతూ వచ్చిందంటే లోపల ప్లేట్లు అరుగుతున్నాయని అర్థం. ప్లేట్లు వేసిన రోజున ప్లే సరిగ్గా పెట్టి, తర్వాత మళ్లీ చూడకపోతే, అరుగుదల ఆ ప్లేని మెల్లగా మింగేస్తుంది. ప్లే సున్నాకు రాగానే జారుడు మొదలవుతుంది. జారితే వేడి, వేడికి ఇంకా అరుగుదల. ఇక రోజుల లెక్కే.

అందుకే డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. కేబుల్ అడ్జస్టర్ మొత్తం వదులు చేసేయండి. బండిని బట్టి పైన హ్యాండిల్ దగ్గర ఒకటి, కింద ఇంజిన్ దగ్గర ఒకటి ఉంటాయి. లాక్ నట్ వదిలి, లివర్ సగం దాకా ఖాళీగా ఊగేంత వదులు పెట్టండి. ఇప్పుడు గేర్లు కష్టంగా పడతాయి, ఆగి ఉన్నప్పుడు గేరు వేస్తే బండి ఎగరొచ్చు, అందుకని ట్రాఫిక్ లేని చోట జాగ్రత్తగా చేయాలి. అదే ఫోర్త్ గేర్ పరీక్ష మళ్లీ చేయండి. జారుడు మాయమైతే మీ ప్లేట్లు, స్ప్రింగులు ఇంకా బతికే ఉన్నాయి, దొంగ కేబుల్ దారిలోనే ఉన్నాడు. ఇంత వదులు పెట్టినా జారితే జబ్బు లోపల ఉంది.

కేబుల్ దారి గురించి ఒక సంగతి. ఒక పాల వ్యాపారి బండి వచ్చింది, రెండు వైపులా క్యాన్లు. ఎడమ మలుపుల్లో మాత్రమే జారుతుందట! రెండు షెడ్లలో ప్లేట్లు మార్చారు, తగ్గలేదు. నేను కూడా ఓ గంట తికమకపడ్డాను. చివరికి బండిని నిలబెట్టి, ఒక చేత్తో లివర్ ప్లే చూస్తూ హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పాను. తిన్నగా ఉన్నప్పుడు ప్లే ఉంది, ఒక వైపు తిప్పగానే పూర్తిగా పోయింది. కొత్త హెడ్‌లైట్ డూమ్ బిగించినప్పుడు ఎవరో వైర్లన్నిటినీ కలిపి ప్లాస్టిక్ ట్యాగుతో ఫ్రేముకు కట్టేశారు, అందులో క్లచ్ కేబుల్ కూడా ఉంది. ట్యాగు కోసేశాను, అయిపోయింది. పని రెండు రూపాయలది కూడా కాదు, అంతకు ముందు అతను పెట్టిన ఖర్చు మాత్రం వేలల్లో ఉంది. మీరు కూడా హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి ప్లే మారుతుందేమో చూడండి. ఘాట్ మీద మలుపులే కదా అన్నీ.

కేబుల్ లోపల తీగలు తెగి ముళ్లలా లేచినా, ఆయిల్ లేక ఎండిపోయినా, లివర్ వదిలాక అది పూర్తిగా వెనక్కి రాదు. ఇంజిన్ దగ్గర కేబుల్ లాగే చిన్న చేయి తుప్పు పట్టినా అంతే. కేబుల్ ఊడదీసి ఆ చేయిని వేలితో తిప్పండి, స్ప్రింగు దాన్ని చురుగ్గా వెనక్కి తేవాలి. బద్ధకంగా వస్తే శుభ్రం చేసి ఆయిల్ వేయండి. కొన్నిసార్లు హ్యాండిల్ దగ్గర లివర్ బోల్టును అతిగా బిగించడం కూడా కారణమవుతుంది.

రెండో అనుమానం ఆయిల్. మీ బండికి చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఏ డబ్బా పోశారు? మీరు రాయలేదు. ప్లేట్లు మార్చినప్పుడు ఎలాగూ ఆయిల్ మారుస్తారు కాబట్టి, ఆ రోజు ఏది పోశారన్నది ముఖ్యం. కారు ఇంజిన్ ఆయిల్, బైక్ ఇంజిన్ ఆయిల్ రెండూ చూడటానికి ఒకటే, కానీ కారులో క్లచ్ పొడిగా, ఇంజిన్‌కి బయట ఉంటుంది. అందుకని కారు ఆయిల్లో, ముఖ్యంగా మైలేజీ పెంచుతుందని చెప్పే పలచని రకాల్లో, రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. మన బండిలో ఆ ఆయిల్లోనే ప్లేట్లు తిరగాలి. రాపిడి తగ్గితే ఇంజిన్‌కి మంచిదే, క్లచ్‌కి మాత్రం అదే చేటు.

డబ్బా వెనక జాసో ఎంఎ (JASO MA) లేదా ఎంఎ2 (MA2) అని ఉందో లేదో చూడండి. ఆ గుర్తు తడి క్లచ్ ఉన్న బండ్లకు పనికొస్తుందని చెప్పేది. ఎంబి అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్ల కోసం, అందులో క్లచ్ ఆయిల్లో మునగదు. స్కూటర్‌కి పోయగా మిగిలిన ఆ ఆయిల్‌ని మన బండిలో పోస్తే ఏమవుతుందో ఊహించండి. డ్రమ్ములోంచి మగ్గుతో పోసే ఆయిల్ అయితే అసలు దాని మీద ఏ గుర్తూ ఉండదు, అది ఏ రకమో పోసినవాడికీ తెలియదు. రాపిడి తగ్గిస్తాం, పికప్ పెంచుతాం అంటూ పెట్రోల్ బంకుల దగ్గర అమ్మే చిన్న సీసాలు కూడా అంతే. వాటిని నేను షెడ్డులోకి రానివ్వను.

ఆయిల్ పొరపాటు అని తేలితే, సరైన ఆయిల్ మార్చి ఓ రెండు మూడు వందల కిలోమీటర్లు నడపండి. కొన్ని బండ్లు అంతటితోనే కుదురుకుంటాయి. ప్లేట్లు అప్పటికే కాలి నున్నబడి ఉంటే కుదరదు. పాత ఆయిల్ దించేటప్పుడు ఒక తెల్ల గిన్నెలో పట్టి చూడండి. నల్లగా ఉండటం పెద్ద విషయం కాదు, మాడు వాసన ఘాటుగా ఉందా, అడుగున నల్లటి పిండిలాంటిది దిగిందా అన్నది చూడాలి. అది అరిగిపోయిన ప్లేటు పదార్థం. లెవెల్ చూసేటప్పుడు బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఆయిల్ మూతకు ఉండే గేజీని తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి తీయండి. తిప్పి బిగించి చూస్తే లెవెల్ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది.

కేబుల్, ఆయిల్ రెండూ బాగున్నాయి, అయినా జారుతోంది అంటే అప్పుడు కవర్ విప్పండి. మీ మెకానిక్‌నే విప్పమనండి, పక్కన మీరుండండి. అతను మంచివాడో కాదో నాకు తెలియదు, కానీ కవర్ తీసిన ఆ పది నిమిషాల్లో మీరు పక్కన నిలబడితే చాలా తేలుతుంది.

మొదట చూడాల్సింది స్ప్రింగులు. మూడు నెలల కిందట ప్లేట్లు మార్చారన్నారు, స్ప్రింగులు మార్చారా? నా అనుభవంలో చాలామంది మార్చరు. చిన్న లెక్క చూడండి. ఉదాహరణకు నాలుగు ఫ్రిక్షన్ ప్లేట్లు, ఒక్కోటి 0.3 మిల్లీమీటర్లు అరిగితే కట్ట మొత్తం 1.2 మిల్లీమీటర్లు పలచబడింది. స్ప్రింగు ఆ మేరకు సాగి నిలబడుతుంది, నొక్కుడు తగ్గుతుంది. దీనికి తోడు ఇరవై ఏళ్లు వేడి ఆయిల్లో నొక్కుకుపోయి ఉన్న స్ప్రింగు తనంతట తానే పొట్టిదవుతుంది. కొత్తదాని పక్కన పాతదాన్ని బల్ల మీద నిలబెట్టండి, కొలత కూడా అక్కర్లేదు, కంటికే తెలుస్తుంది. ఒకటి పొట్టిగా ఉన్నా మొత్తం సెట్టు మార్చాలి. ఒక వైపు గట్టిగా, ఒక వైపు మెత్తగా నొక్కితే ప్లేట్లు వంకరగా వదులుతాయి.

స్ప్రింగు కింద వాషర్లు వేసి బిగువు పెంచే చిట్కా ఉంది, ఎవరైనా మీకు చెప్తారు. దారిలో ఆగిపోయి ఊరు చేరాలంటే సరే. అలాగే వదిలేస్తే లివర్ రాయిలా అవుతుంది, కేబుల్ తెగుతుంది, లివర్ నొక్కినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని క్లచ్ పూర్తిగా విడవదు. నేనూ కుర్రతనంలో వేశాను, తర్వాత మానేశాను.

ఫ్రిక్షన్ ప్లేట్లను వర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. ఈ సైజు బండ్లలో కొత్త ప్లేటు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. ఎంత అరిగితే తీసేయాలో మీ బండి మాన్యువల్లో ఉంటుంది, దానికే కట్టుబడండి. మందం ఉన్నా పైభాగం అద్దంలా మెరుస్తుంటే, నల్లగా మాడి ఉంటే అది పనికిరాదు. నకిలీ ప్లేట్ల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. అసలుదానికంటే కొంచెం పలచగా, పదార్థం అతికించిన చోట అంచులు లేచి ఉంటాయి. స్ప్లెండర్ 1994లో వచ్చింది, 97.2 సీసీ ఇంజిన్ ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి అసలు సామాను దొరకడం కష్టం కాదు. కానీ మోడళ్ల మధ్య తేడాలుంటాయి, పాత ప్లేటు సంచిలో వేసుకెళ్లి పళ్లు లెక్కపెట్టి, పక్కపక్కన పెట్టి చూసి కొనండి.

స్టీల్ ప్లేట్లను ఎవరూ పట్టించుకోరు. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు, మధ్యలో అవే పాత స్టీల్ ప్లేట్లు! వాటి మీద నీలి రంగు మరకలు ఉన్నాయంటే అవి బాగా కాలాయి, కాలినవి వంకర పోతాయి. మంచి గాజు పలక మీద పెట్టి, అంచు కింద ఫీలర్ గేజి, అంటే సందులు కొలిచే సన్నటి రేకు, దూర్చి చూడండి. 0.2 మిల్లీమీటర్ల రేకు దూరిందంటే ఆ ప్లేటు మార్చడమే. వంకర ప్లేటు ఒక్కటి ఉన్నా కొత్త ప్లేట్లకు మొత్తం ముఖం ఆనదు, ఎత్తు ఉన్న చోట మాత్రమే ఆని, అక్కడే మాడుతుంది.

ఇక హౌసింగు. ఫ్రిక్షన్ ప్లేట్ల పళ్లు హౌసింగు గాడుల్లో ముందుకూ వెనక్కూ జారాలి. ఏళ్ల తరబడి పళ్లు కొట్టుకుని గాడి గోడల మీద గంట్లు పడతాయి. వేలి గోరు పెట్టి పై నుంచి కిందకు లాగండి, మెట్లు మెట్లుగా తగులుతుందా? తగిలితే మీ మొత్తం కథ ఇక్కడుండొచ్చు. ఎలాగంటే, గంట్లలో పళ్లు ఇరుక్కుని లివర్ నొక్కినా ప్లేట్లు సరిగ్గా విడవవు, గేర్లు గట్టిగా పడతాయి, న్యూట్రల్ దొరకదు. మీరు ఆ ఫిర్యాదు చేస్తారు. మెకానిక్ కేబుల్ కొంచెం బిగిస్తాడు, గేర్లు మెత్తగా పడతాయి, మీరు సంతోషిస్తారు. ప్లే పోతుంది. నెల తర్వాత ఘాట్ మీద జారుతుంది. మీ బండిలో గేర్లు పడటం గురించి ఈ మధ్య ఏమైనా మాట్లాడారా? అలా జరిగి ఉంటే, అసెంబ్లీ మార్చాలన్న మెకానిక్ మాటలో సగం నిజం ఉన్నట్టే, కనీసం హౌసింగు మార్చాల్సి రావచ్చు. గంట్లు లోతు లేకుండా ఉంటే సన్నటి ఆకురాయితో నున్నగా చేయొచ్చు, రెండు వైపులా సమానంగా. లోతుగా ఉంటే ఆకురాయి జోలికి పోవద్దు, గాడి వెడల్పై ప్లేట్లు టకటకా కొట్టుకుంటాయి.

బిగించేటప్పుడు చేసే తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది నేనే చేశాను. షెడ్డు పెట్టిన తొలి ఏడాది, ఒక హీరో హోండా సీడీ 100కి కొత్త ప్లేట్లు వేసి, సాయంత్రం పూట తొందరలో బిగించి పంపాను. మర్నాడు పొద్దున్నే తోసుకుంటూ వచ్చాడు ఆయన. కొత్త ప్లేట్లు, కొత్త స్ప్రింగులు, బండి అడుగు కదలదు. విప్పి చూస్తే ప్రెషర్ ప్లేటు పళ్లు హబ్బు గాడుల్లో కూర్చోలేదు, పళ్ల మీద పళ్లు ఎక్కి నిలబడ్డాయి. స్ప్రింగులన్నీ ఆ పళ్లను నొక్కుతున్నాయి, ప్లేట్ల మీద పైసా బిగువు లేదు. అప్పటి నుంచి బోల్టులు బిగించే ముందు ప్రెషర్ ప్లేటును వేళ్లతో అటూ ఇటూ తిప్పి, దిగి కూర్చుందని తెలిశాకే ముందుకు వెళ్తాను. ఆ బోల్టులు పదో నంబరు పానావి, చిన్నవి. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, బలం చూపిస్తే తలలు ఊడి చేతికొస్తాయి. కొత్త ప్లేట్లను పొడిగా వేయకూడదు, రాత్రంతా అదే ఇంజిన్ ఆయిల్లో నానబెట్టి వేయాలి. పొడిగా వేసినవి మొదటి పది నిమిషాల్లోనే మాడతాయి, ఆ తర్వాత ఎంత మంచి ఆయిల్ పోసినా పట్టు రాదు.

మీ ప్రశ్న కింద ఇంకొకరు బుల్లెట్ గురించి, మరొకరు యమహా ఆర్‌ఎక్స్ 100 గురించి అడిగారు కాబట్టి రెండు ముక్కలు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లో క్లచ్ ఎడమ వైపు, మధ్యలో ఒకే నట్టుతో బిగించే రేకు కవరు కింద, ప్రైమరీ చెయిన్‌తో పాటు వేరే ఆయిల్లో ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ మార్చి ఆ అర లీటరు లోపు ఆయిల్‌ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ. బుల్లెట్లో ఇంకో సౌకర్యం ఉంది, కిక్ కూడా క్లచ్ గుండానే ఇంజిన్‌కి వెళ్తుంది, కాబట్టి క్లచ్ జారితే కిక్ కూడా కంప్రెషన్ దగ్గర ఆగకుండా సర్రున దిగిపోతుంది. మీ బండిలో కిక్ అలాగే వెళ్తుందో లేదో తెలియాలంటే న్యూట్రల్లో లివర్ పూర్తిగా పట్టుకుని కిక్ మెల్లగా దించండి. ఇంజిన్ తిరగకుండా తేలిగ్గా దిగితే అదీ క్లచ్ గుండానే వెళ్తోంది. ఇక ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్, అందులో గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, పెట్రోల్‌తో కలిసి కాలే 2టి ఆయిల్ వేరు. బలం పెంచడానికి దాని బ్లాకులో గాలి, పొగ దారులను చెక్కించి (పోర్టింగ్ అంటారు), సైలెన్సర్ మార్చి, తర్వాత క్లచ్ జారుతోందని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, కంపెనీ స్ప్రింగులు కంపెనీ ఇచ్చిన 11 గుర్రాల బలానికే (హార్స్‌పవర్).

మాస్టారూ, మీ నడిపే తీరు కూడా చూసుకోండి. హెయిర్‌పిన్ మలుపులో లారీ వెనక ఆగినప్పుడు బ్రేకు వేయకుండా సగం క్లచ్ పట్టి, కాస్త రేజ్ ఇచ్చి బండిని నిలబెడతారు చాలామంది. అప్పుడు ప్లేట్లు జారుతూనే ఉంటాయి, మీరే జారుస్తున్నారు. వెనక బ్రేకు తొక్కి నిలబడండి. థర్డ్‌లో ఇంజిన్ గునుస్తుంటే క్లచ్ నొక్కి రేజ్ పెంచకండి, సెకండ్‌కి దించండి. నడుపుతున్నంత సేపూ రెండు వేళ్లు లివర్ మీద వేసి ఉంచే అలవాటుంటే మానండి.

ఆదివారం పొద్దున ముందు ప్లే కొలవండి, హ్యాండిల్ తిప్పి చూడండి, తర్వాత కేబుల్ వదులు చేసి పరీక్ష చేయండి. ఆయిల్ డబ్బా ఇంట్లో ఉంటే దాని వెనక రాసింది చదవండి. వదులు చేస్తే జారుడు పోతే కేబుల్ ఒక్కటే కొనండి. పోకపోతే స్ప్రింగులు, స్టీల్ ప్లేట్లతో సహా తెప్పించి కవర్ విప్పించండి, ఆ కవర్ ప్యాకింగ్ కూడా ముందే కొనిపెట్టుకోండి. పాతది సగం ఇంజిన్‌కి, సగం కవర్‌కి అంటుకుని చిరిగిపోతుంది, ఆదివారం మధ్యాహ్నం పాడేరులో కొత్తది వెతుక్కోవడం కష్టం.